నల్ల కారు, పొడి తువ్వాలు

కార్ల పెయింట్ సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది స్ప్రే గన్ను ఎలా పట్టుకోవాలి, రంగు ఎలా కలపాలి అని. అవి ఏ వర్క్‌షాప్‌లోనైనా నేర్పుతారు, చెయ్యి తిరిగితే వచ్చేస్తాయి. నేను నర్సీపట్నంలో ఒక పెద్ద వర్క్‌షాప్‌లో పెయింట్ సెక్షన్ ఇన్‌చార్జిగా చేసి రిటైరయ్యాను. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి రంగు వెయ్యడంలో వచ్చే చిక్కులు కావు. రంగు ఎవరి చేతిలో పాడైందో చెప్పాల్సి వచ్చిన సందర్భాలు. అలాంటిది ఒకటి చెబుతాను. ఉద్యోగం చివరి రోజుల్లో జరిగింది.

దుమ్ము సంగతి

ముందు పని సంగతి కొంచెం తెలియాలి. మన వైపు కారు మాయడానికి ఊళ్ళు తిరగక్కర్లేదు. వేసవిలో ఇంటి ముందు నిలబెడితే చాలు, చెరకు లారీలు రేపిన దుమ్మూ, తారు వెయ్యని సందుల్లోని ఎర్రమట్టీ కలిసి సాయంత్రానికల్లా పల్చగా ఒక పొర పేరుకుంటుంది. దానికోసం ప్రతిసారీ నీళ్ళు పెట్టి పూర్తిగా కడగడం ఎవరికీ కుదరదు. అందుకని మధ్యమధ్యలో పైపైన తుడుచుకుంటారు. తప్పేం లేదు. ఎలా తుడుస్తున్నారన్న దగ్గరే వస్తాయి తిప్పలన్నీ.

కారు రంగు మీద అద్దం లాంటి పూత ఒకటి ఉంటుంది. మనం మెరుపు అనుకునేది దాన్నే. దుమ్ము మెత్తగా కనబడుతుంది గానీ అందులో కంటికి ఆనని ఇసక ఉంటుంది. పొడి గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసక గుడ్డకి పట్టుకుని, గుడ్డ ఎటు తిరిగితే అటు పూతని గీకుతుంది. ఒక్కరోజుకి ఏమీ కనబడదు. కొన్ని నెలలు అలాగే చేస్తే, ఎండలో పెట్టినప్పుడు సాలెపురుగు అల్లినట్టు సన్నటి గీతలు తేలతాయి. తెల్ల కారు మీద ఎవరూ పట్టించుకోరు. నల్ల కారు మీద మాత్రం దాచలేం.

గోవిందరావుగారి కారు

గోవిందరావుగారు జీడిపిక్కల వ్యాపారి. కృష్ణదేవిపేట వెళ్ళే రోడ్డులో ఊరి చివర ఇల్లు. వాళ్ళ వ్యాన్లన్నీ మా దగ్గరికే రిపేరుకి వచ్చేవి. అంతకుముందు దసరాకి ఆయన తనకోసం నల్లటి కారు ఒకటి కొన్నాడు. పెద్ద కారు. ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదని నలుగురూ చెప్పుకునేవారు.

వేసవి మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం ఆ కారు మా గేట్లోకి చాలా వేగంగా వచ్చి ఆగింది. గోవిందరావుగారే నడుపుకొచ్చాడు. వెనక సీట్లోంచి ఆయన డ్రైవరు రమణ దిగాడు. రమణది నాతవరం దగ్గర పల్లెటూరు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని రావడమేమిటా అని చూస్తుండగానే గోవిందరావుగారు అరుపు మొదలుపెట్టాడు.

"సత్యంగారూ, ఇలా రండి. ఈడు నా కారుకి ఏం సేసేడో సూడండి. ఎండలోకి వచ్చి సూడండి!"

చూశాను. బానెట్టంతా గీతలే. తలుపుల మీదా అంతే. కొత్త కారు, ఏడాదైనా కాలేదు.

"ఉప్పుకాయితం ఎట్టి రుద్దేడు. మొన్న ఈడిని నాలుగు తిట్టేను. మా నాన్నకి ఎదురు సెప్పేడని తిట్టేను. ఆ కసి తీర్సుకున్నాడు."

"నాను సెయ్యలేదండి," అన్నాడు రమణ.

"మరెవుడు సేసేడు? కారు నీ సేతిలో ఉంటాది. తుడిసేది నువ్వు. తాళం నీ దగ్గిర. సెప్పు, ఎవుడు సేసేడో!"

రమణ నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. "నాను సెయ్యలేదండి," అని మళ్ళీ అదే మాట అన్నాడు.

గోవిందరావుగారి చొక్కా జేబులో రమణ లైసెన్సు కార్డు కనబడుతోంది. లాక్కున్నాడన్నమాట. స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తాననీ, ఉప్పుకాయితం గీతలేనని నేను వచ్చి చెప్పాలనీ అన్నాడు. వర్క్‌షాప్ పని ఆగిపోయింది. అందరూ చేతుల్లో పనిముట్లతోనే చుట్టూ చేరారు. రమణ ఎవరి మొహమూ చూడకుండా ముందు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. మన ఊరు ఎంత చిన్నదో మీకు తెలుసు. యజమాని కారు పాడుచేశాడన్న పేరు పడితే ఆ డ్రైవరుని ఆటో నడపడానికి కూడా ఎవరూ పిలవరు.

మేనేజరుగారి సలహా

నేను కారు చుట్టూ తిరిగి మెల్లగా చూశాను. తొందరపడకండి అని కొత్తవాళ్ళకి చెప్పేది ఇలాంటప్పటి గురించే. కస్టమరు మన మీద పడి అరుస్తున్నప్పుడు మన కళ్ళు ఆయన చెప్పినదాన్నే చూస్తాయి.

ఉప్పుకాయితం పెట్టి రుద్దితే ఆ చోటు మసకబారుతుంది, సున్నం రాసినట్టు తెల్లబోతుంది. తాళంచెవితో గీస్తే గోరుకి తగిలేంత లోతుగా ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. వేలు పెడితే నున్నగా ఉంది. గీతలన్నీ గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. పొడి గుడ్డ గీతలే, సందేహం లేదు. కానీ నన్ను ఆపినది వేరే. బానెట్టు అంచుల్లో గీతలు దట్టంగా ఉన్నాయి, మధ్యకి వెళ్ళేకొద్దీ పల్చబడ్డాయి. తలుపుల మీద అద్దాల కింది దాకా ఉన్నాయి. పైకప్పు మీద ఒక్క గీత లేదు. రమణకి పైకప్పు ఛాతీ ఎత్తుకి వస్తుంది. తుడిచేది అతనే అయితే పైకప్పు ఎందుకు వదిలేస్తాడు?

మా మేనేజరు ప్రసాద్‌గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆయనది విశాఖపట్నం, మా దగ్గరికి వచ్చి కొద్దికాలమే అయింది.

"సత్యంగారూ, ఆయన వ్యాన్లన్నీ మన దగ్గరే ఉన్నాయి. డ్రైవరు తుడుస్తాడు, గీతలు పడ్డాయి. ఉప్పుకాయితమో, గుడ్డో, ఏదైతే మనకేంటి? ఆయన ఏమంటే అది అనెయ్యండి."

"అది అనేస్తే అతన్ని స్టేషన్‌కి లాగుతారండీ."

"అది వాళ్ళిద్దరి మధ్య గొడవ. మీరు ఇంకెన్నాళ్ళు ఉంటారు? ఎందుకొచ్చిన తలనొప్పి!"

ప్రసాద్‌గారు చెడ్డమనిషి కారు. ఏ గొడవకైనా దగ్గర దారి వెతికే మనిషి. అలాంటి పైవాళ్ళు మీకూ తగులుతారు. వాళ్ళతో వాదన పెట్టుకుంటే మాట పెరుగుతుంది. వాళ్ళు కాదనలేని పని ఒకటి అడగాలి. నేను అదే చేశాను. "కారు రోజూ ఎక్కడ పెడతారో చూడకుండా చెబితే, రేపు ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే మన వర్క్‌షాప్ పేరే పోతుందండీ. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి చూసి చెబుతాను," అన్నాను. ఆయనకది నచ్చలేదు. కాదనడానికి కారణమూ దొరకలేదు.

గోవిందరావుగారు విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు. "రేపు బేగి తేల్సీండి. ఎస్సైగారితో మాటాడేసేను," అన్నాడు. లైసెన్సు మాత్రం ఇవ్వలేదు. రమణని తెల్లారేసరికి వర్క్‌షాప్ దగ్గర ఉండమని చెప్పి, తనే కారు నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

రమణ వెళ్ళబోతుంటే అడిగాను. "నీకు తెలిసింది ఏదైనా ఉంటే నాకు చెప్పు."

"నాను నీళ్ళెట్టి కడుగుతానండి, వారానికోపాలి. మధ్యలో, ఆమధ్య మీరు సెప్పినట్టే నీళ్ళు కొట్టి మెత్తగుడ్డతో తుడుత్తాను. అంతకన్నా నన్నేటీ అడగొద్దండి," అన్నాడు.

ఎద్దుల్ని తుడిచిన చెయ్యి

మర్నాడు నేను వెళ్ళేసరికి ఎండ ఇంకా ముదరలేదు. గేటు తీసే ఉంది. కారు షెడ్డు కింద ఉంది. దాని పక్కన గోవిందరావుగారి నాన్న సన్యాసిరావుగారు, పంచె ఎగ్గట్టి, మడిచిన తువ్వాలు పట్టుకుని బానెట్టు తుడుస్తున్నాడు. పొట్టి మనిషి. చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. తువ్వాలు గుండ్రంగా, గుండ్రంగా తిరుగుతోంది.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నిన్న కారు మీద చూసినదంతా ఆ చేతిలో కనబడుతోంది. ఎత్తు అదే, వంపు అదే. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో తోచలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని కూడా అనిపించింది.

ఆయన అలికిడి విని తలెత్తాడు. "ఎవురు బావూ?"

"నేనండీ, వర్క్‌షాప్ సత్యాన్ని."

"రా, రా. ఆ డ్రైవరు గుంటడు పాడుసేసిన కారు సూడ్డానికొచ్చేవా? నాకు ఆ గీతలేటో కనపడవు. కంట్లో పొరొచ్చింది. ఆపరేసన్ సేయిత్తానంటన్నాడు అబ్బాయి."

"రోజూ మీరే తుడుస్తారా అండీ?"

"మరెవుడు తుడుత్తాడు? పొద్దున్నే ఎద్దులకి గడ్డి సుట్టెట్టి ఒళ్ళు తుడిసేవోణ్ణి. అవి పోయాయి. సేతికి పనుండాలి కదా! అబ్బాయి దుమ్ము కారేసుకుని బజార్లోకెల్తే నలుగురూ ఏటనుకుంటారు?" అని నవ్వాడు. తర్వాత మొహం బిగించాడు. "ఆ రమణగాడు ఓపాలి నా సేతిలో తువ్వాలు లాగేసుకున్నాడు. పొడి గుడ్డేత్తే గీతలడతాయంట! నాకు నేర్పుతాడేటి ఆడు? అబ్బాయితో సెప్పేను. ఆడిని నాలుగు తిట్టేడు."

అప్పుడు అర్థమైంది నాకు. రమణ పగ పట్టాడని గోవిందరావుగారు అంటున్నాడే, ఆ పగకి కారణమని చెబుతున్న గొడవ ఇదే. రమణ ఆపబోయాడు. దానికి తిట్లు తిన్నాడు. ఇప్పుడు పెద్దాయన పేరు ఎత్తితే మళ్ళీ ఎదురు చెప్పినట్టవుతుందని నోరు మూసుకున్నాడు.

కళ్ళు కనబడని మనిషికి గీతలు ఎలా చూపించను? మాటతో చెబితే, రమణ చెప్పినప్పుడు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఆయన చేతిలోని తువ్వాలు అడిగి తీసుకుని మడత విప్పాను. లోపలి వైపు ఆయన చేతికే ఇచ్చాను.

"రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడండి."

నలిపాడు. ఇంకోచోట నలిపాడు. వ్యవసాయం చేసిన వేళ్ళు, మట్టి రకం చేత్తో చెప్పగలిగిన వేళ్ళు.

"ఇసక," అన్నాడు.

"ఇప్పుడు చెవి కొంచెం దగ్గరగా పెట్టండి." ఆయన చెయ్యి పట్టుకుని తువ్వాలుతో బానెట్టు మీద ఒకే ఒక్కసారి, చాలా తేలిగ్గా లాగించాను. జర్రుమని సన్నటి చప్పుడు. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది.

నా సంచిలో స్ప్రే బాటిలూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలూ ఎప్పుడూ ఉండేవి. ఆయన ఇంకా ముట్టని వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. రేకు చల్లగా ఉందో లేదో చేత్తో చూసి, కారు షాంపూ కలిపిన నీళ్ళు ధారాళంగా కొట్టాను. వెంటనే తుడవలేదు. దుమ్ము నాని వదులవ్వాలి. తర్వాత నాలుగు మడతల గుడ్డని బరువు పెట్టకుండా ఆనించి, పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా ఒకే వైపుకి లాగాను. లాగిన మడత మళ్ళీ వాడకుండా తిప్పేశాను. మడతలన్నీ అయ్యాక ఆ గుడ్డ పక్కన పడేసి ఇంకోటి తీశాను. తలుపు కింది అంచు వదిలేశాను. అక్కడ చక్రాలు ఎగజిమ్మిన మట్టి ఉంటుంది, దాన్ని నీళ్ళతో కడగాల్సిందే తప్ప తుడవకూడదు.

"ఇప్పుడు వినండి," అని గుడ్డ లాగాను. చప్పుడు లేదు.

ఆయన తువ్వాలుని మళ్ళీ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఆ తర్వాత అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"అయితే ఆ గీతలు నాయేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "అవునండీ," అన్నాను.

షెడ్డు దగ్గర

తల తిప్పి చూస్తే గోవిందరావుగారు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. మొహం పాలిపోయింది. దిగి వచ్చి, "నాన్నా, నువ్వు లోపలికెల్లు," అన్నాడు. ఆయన కదలకపోయేసరికి నా భుజం పట్టుకుని షెడ్డు అవతలికి తీసుకెళ్ళాడు.

"సత్యంగారూ, ఇది ఇక్కడితో ఆపీండి. నాను కంప్లైంటివ్వను. ఆడిని పన్లోంచి తీసేత్తాను, అంతే. ఈ మాట మీరు బయట అనకండి."

"మరి కారు పాడుచేసింది అతనే అని ఊరంతా అనుకుంటుంది కదండీ?"

"అనుకోనీండి! నాలుగు రోజులు అనుకుని మర్సిపోతారు. మా నాన్న సేసేడని తెలిత్తే ముసిలాయన తట్టుకోలేడు. నాను నలుగుర్లో అరిసేసేను, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నా మొహం ఎక్కడ ఎట్టుకోను?"

తండ్రి మీద ప్రేమ నిజమైనదే. భయమూ నిజమైనదే. కానీ రెంటినీ మోసేది మాత్రం రమణ. గోవిందరావుగారు ఒక్క ఫోను కొడితే మా వర్క్‌షాప్ నుంచి వ్యాన్లన్నీ తీసుకుపోగలడు, ప్రసాద్‌గారు నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపగలరు.

"మీ నాన్నగారి పేరు నేనై ఎక్కడా ఎత్తనండీ," అన్నాను. "కానీ అవి ఉప్పుకాయితం గీతలనీ, రమణ చేశాడనీ నా నోటితో అనను. వర్క్‌షాప్‌లో అడిగితే అతను చెయ్యలేదనే చెబుతాను."

"అంటే నన్ను అబద్ధాలకోరుని సేత్తారా?"

కారు తలుపు చప్పుడైంది. ఇద్దరం తిరిగి చూశాం. సన్యాసిరావుగారు తడుముకుంటూ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పద, ఎక్కడికెల్లాలో పద," అన్నాడు కొడుకుతో. "ఆ గుంటడు ఎక్కడున్నాడో అక్కడికి పట్టుకెల్లు. నాకు కళ్ళు లేవు గానీ సెవులున్నాయి. నువ్వు అన్నదంతా ఇన్నాను."

"నాన్నా, నువ్వెందుకు?"

"నా సేత్తో సేసింది నా నోటితో సెప్పాలి. నడపరా!"

గోవిందరావుగారు చాలాసేపు తాళం తిప్పలేదు. తిప్పాక నేను వెనక సీట్లో ఎక్కాను.

వర్క్‌షాప్ ముందు

రమణ గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కారు చూడగానే నిటారుగా నిలబడ్డాడు. ముందురోజు చూసినవాళ్ళందరూ మళ్ళీ పోగయ్యారు. ప్రసాద్‌గారు గదిలోంచి బయటికి వచ్చి నా వైపు కోపంగా చూశారు.

సన్యాసిరావుగారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "రమణ ఎక్కడ?" అన్నాడు. రమణ దగ్గరికి వచ్చి, "ఇక్కడున్నానండి," అన్నాడు.

"నువ్వు వద్దన్నావు. నాను ఇన్లేదు. పైగా నిన్ను తిట్టించేను." ఆయన గొంతు పెద్దది, పొలం అవతలికి కేకవేసే గొంతు. అందరికీ వినబడింది. "కారు పాడుసేసింది నాను. ఈ బావు తప్పేటీ లేదు. ఇక్కడున్నోళ్ళందరూ ఇన్నారు కదా? మళ్ళీ సెప్పమంటే సెప్తాను."

రమణ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "మీరు సెప్పకపోయినా పర్లేదండి," అన్నాడు. కాసేపటికి ఆ మాటని తనే సరిదిద్దుకున్నాడు. "కాదండి. సెప్పినందుకు మంచిదైందండి. మా ఇంట్లో రాత్రి ఎవులూ తిన్లేదు."

గోవిందరావుగారు జేబులోంచి లైసెన్సు తీసి ఇచ్చాడు. కళ్ళెత్తకుండానే, "రేపట్నుంచి వచ్చీ," అన్నాడు.

"రానండి," అన్నాడు రమణ.

"జీతం సంగతా?"

"కాదండి. నన్ను ఓపాలి అడిగుంటే బాగుణ్ణు. మీరు అడక్కుండా లైసెన్సు లాక్కున్నారు. రేపు ఇంకేదైనా పాడైతే మళ్ళీ నన్నే సూత్తారు. నాకు బండి నడపబుద్ది కాదు."

గోవిందరావుగారు కారు మా దగ్గరే వదిలేసి, తండ్రిని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వ్యాన్లు మాత్రం మా దగ్గర నుంచి తియ్యలేదు. ఎందుకో నాకు తెలియదు, నేను అడగలేదు. ప్రసాద్‌గారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు టీ తాగుతూ, "నేను చెప్పినట్టు చేసుంటే ఆ రమణ ఏమైపోయేవాడో," అని మాత్రం అన్నారు. ఆయన నోటి నుంచి అది పెద్ద మాటే.

ఆ తర్వాత

కారుని మా దగ్గర ఉంచుకుని మిషన్‌తో పాలిష్ పట్టాను. గీతలు చాలావరకు పోయాయి. పనిలో చేరేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత చుట్టూ ఉన్న పూతని అరగదీయడం. ప్రతి గీతకీ పాలిష్ పడుతూ పోతే చివరికి పూతే మిగలదు. అందుకే గీత పడకుండా చూసుకోవడమే అసలు పని. రెట్ట పడితే గోకొద్దు, తడి గుడ్డ కప్పి నాననిచ్చి ఎత్తెయ్యండి. డీజిలు గుడ్డతో మెరుపు తెప్పించే డ్రైవర్ల మాట వినకండి. నేల మీద పడిన గుడ్డని దులిపి మళ్ళీ వాడొద్దు. దుమ్ము దట్టంగా ఉంటే తుడిచే ఆలోచనే మానేసి నీళ్ళు పెట్టండి. ఇక గీతలు చూసి గుడ్డ రకం చెప్పగలం గానీ మనసులో ఏముందో చెప్పలేం. ఆ రెండోది చెప్పమని ఎవరు అడిగినా, ఎంత పెద్దవాడు అడిగినా, చెప్పకండి.

రమణ ఒక స్కూలు బస్సుకి డ్రైవరుగా చేరాడు. నేను పాలిష్ పట్టిన కారుని ఒక ఆదివారం పొద్దున్న గోవిందరావుగారింట్లో అప్పగించడానికి వెళ్ళాను. కారు షెడ్డులో పెట్టి కబుర్లలో ఉండగా గేటు ముందు షేర్ ఆటో ఆగింది. రమణ దిగాడు. చేతిలో స్ప్రే బాటిలుంది. సన్యాసిరావుగారే కబురు పెట్టించాడట, తుడవడం నేర్పమని.

రమణ నీళ్ళు కొడుతుంటే పెద్దాయన గుడ్డ లాగుతున్నాడు. "ఒకే ఏపుకండి. బరువెట్టకండి. ఇప్పుడు మడత తిప్పండి," అని రమణ చెబుతున్నాడు. ఆయన చెవి రేకుకి దగ్గరగా పెట్టి, చప్పుడు వస్తోందేమోనని వింటూ లాగుతున్నాడు.

గోవిందరావుగారు లోపలి నుంచి టీ తెచ్చాడు. ఇంట్లో పనివాళ్ళు ఉన్నారు, అయినా తనే తెచ్చాడు. రమణ ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. రమణ గ్లాసు తీసుకుని షెడ్డు గోడ మీద పెట్టాడు. తలుపు పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోలేదు. గోవిందరావుగారూ అక్కడి నుంచి కదల్లేదు. తలుపు పూర్తయ్యాక రమణ చేతులు తుడుచుకుని, చల్లారిన టీని నిలబడే తాగేసి, ఖాళీ గ్లాసు ఆయన చేతికే ఇచ్చాడు.